రైలు నమూనాకు గుడ్డ జెండాలు: గవర్నరుపేటలో చేయించిన ముద్రణ ఎలా ఉంది?

విజయవాడ గవర్నరుపేటలో టీషర్టుల మీద, కాఫీ కప్పుల మీద బొమ్మలు ముద్రించే ఒక చిన్న దుకాణంలో, మా ఇంట్లోని నమూనా రైల్వే స్టేషను కోసం గుడ్డ జెండాలు వేయించుకున్నాను. దుకాణం పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే గుణదోషాలు చాలావరకు సబ్లిమేషన్ ముద్రణకు (వేడితో రంగును గుడ్డలోకి ఇంకించే పద్ధతికి) చెందినవి కనుక, ఆ ముద్రణ యంత్రం ఉన్న ఏ దుకాణానికైనా వర్తిస్తాయి.

మా నమూనా హెచ్.ఓ. కొలతది, అంటే అసలులో 87వ వంతు. పెద్ద స్టేషన్లలో వంద అడుగుల జాతీయ జెండా స్తంభాలు నిలపాలని రైల్వే బోర్డు 2018లో ఆదేశించింది కదా, ఆ స్తంభం మా బల్ల మీద 35 సెంటీమీటర్లు అవుతుంది. దానిపై 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల జెండా ఎగురుతుందనుకుంటే, మనకు కావలసినది పదిన్నర సెంటీమీటర్ల పొడవు, ఏడు సెంటీమీటర్ల వెడల్పు గల గుడ్డ. ఈ పెద్ద జెండా విషయంలో దుకాణం పనితనానికి వంక పెట్టలేను. చక్రంలోని 24 ఆకులనూ లెక్కపెట్టుకోవచ్చు. స్టేషను భవనం మీది చిన్న జెండా సంగతి వేరు. అసలు జెండా పొడవు 1800 మిల్లీమీటర్లైతే పతాక నియమావళి ప్రకారం చక్రం వ్యాసం 370 మి.మీ.; మన కొలతలో అది నాలుగుంపావు మి.మీ. మాత్రమే. అంత చిన్న వృత్తంలో ఆకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నీలి మచ్చగా మిగిలాయి. మూరెడు దూరం నుంచి చూస్తే చక్రమే అనిపిస్తుంది గాని, దగ్గరగా ఫొటో తీసేవారు ఆ జెండాను పల్చని కాగితం మీద వేయించుకోవడమే మేలు.

సబ్లిమేషన్‌లో రంగు వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులలోకి ఇంకుతుంది. కాబట్టి నూలు గుడ్డ, పట్టు గుడ్డ దీనికి పనికిరావు. తెలుపు రంగు సిరా కూడా ఉండదు. మధ్య పట్టీ గుడ్డ సొంత తెలుపే. దుకాణదారు చూపిన శాటిన్ మీద రంగులు మెరిసిపోయాయి, కానీ జెండా అట్టముక్కలా నిలబడింది. కొలత తగ్గించినంత మాత్రాన గుడ్డ బిరుసు తగ్గదు, బరువు మాత్రం బాగా తగ్గిపోతుంది. అందుకే వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌లో దొరికే పల్చని, స్వచ్ఛమైన తెల్లని పాలిస్టర్ లైనింగ్ గుడ్డను మనమే తీసుకువెళ్లడం మంచిది. అప్పుడు కూడా మడతలు వాటంతట అవి పడవు. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, సన్నని తీగల మీద అలలుగా ఆరబెట్టాలి. అంచులను కత్తెరతో గాక బాగా వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ (తీగలను అతికే పనిముట్టు) మొనతో కోస్తే పోగులు ఊడవు.

ముద్రణలో అసలు లోపం వెనుక వైపు వెలిసినట్టు కనిపించడమే. త్రివర్ణం ముందు నుంచి చూసినా వెనుక నుంచి చూసినా ఒకేలా ఉంటుంది కనుక రెండు వైపులా వేయించవచ్చు, కానీ చక్రాలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కుదరడం కష్టం. కాషాయం కూడా తొలి ముద్రణలో ఎరుపు వైపు మొగ్గింది. అడగగానే విసుక్కోకుండా సరిచేశారు. పాడైన ముక్కలను చెత్తబుట్టలో వేయకుండా కవరులో పెట్టి ఇవ్వడం నాకు ఎంతగానో నచ్చింది, ఎందుకంటే దెబ్బతిన్న పతాకాన్ని గౌరవంగా, ఏకాంతంలోనే నాశనం చేయాలని నియమావళి చెబుతోంది. యంత్రంపై తయారైన జెండాకు, పాలిస్టర్ జెండాకు అదే నియమావళి 2021 డిసెంబరు సవరణతో అనుమతినిచ్చింది, కనుక ఆ విషయంలో సంకోచించనక్కరలేదు.

గార్డు చేతిలోని ఎర్ర, పచ్చ జెండాల కోసం మాత్రం ఈ దుకాణానికి వెళ్లకండి. రెండు వైపులా ఒకే రంగున్న పల్చని జాకెట్టు గుడ్డ ముక్కలు దర్జీ దగ్గర ఊరికే దొరుకుతాయి.

ఏ4 కాగితమంత గుడ్డకు ఒక టీషర్టు ముద్రణ ధరే తీసుకున్నారు. అందులో పెద్దవీ చిన్నవీ కలిపి చాలా జెండాలు సర్దవచ్చు. అయితే ఆగస్టు పదిహేనుకు ముందు, ఎన్నికల రోజులలో ఇలా ఒకే ఒక్క ముక్క వేసే చిన్న పనిని ఒప్పుకోరు.