నట్టనడుమ బ్లేడా, గట్టి లాకా? ఖరీదైన మడత చాకులో ఏది మేలు

ముప్పై వేలు పోసి తెప్పించుకున్న మడత చాకుని మూసి, వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే బ్లేడు పిడికి నట్టనడుమ లేదు. ఒక పక్కకి ఒరిగి ఉంది. ఇక మనసు మనసులో ఉండదు. వెనక్కి పంపాలా, ఉంచుకోవాలా? నా మాట ముందే చెప్పేస్తానండి. బ్లేడు పక్క రేకుని రాసుకుంటుంటే నిక్షేపంలా పంపేయండి. రాసుకోకపోతే మాత్రం ముందు లాకు, అంటే తెరిచిన బ్లేడు చేతి మీదకి మడతపడకుండా ఆపేది, చూడండి, తరవాత బ్లేడు పక్కలకి ఊగుతోందేమో చూడండి. ఒరుగు సంగతి ఆ పైన.

సైకిల్ చక్రం కాస్త వంకర ఉన్నా బ్రేకు రబ్బరుకి తగలనంతసేపూ బండి సాగుతుంది. ఇరుసు లూజైతే మాత్రం చక్రం ఎంత చక్కగా ఉన్నా ఎక్కబుద్ధి కాదు. చాకులోనూ ఈ రెండిటినీ కలిపేసి చూడటం వల్లే గొడవంతా.

ఆ ఒరుగు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. బ్లేడు ఇరుసు మీద తిరుగుతుంది. దానికి అటూ ఇటూ వాషర్లో, బేరింగులో ఉంటాయి. పది మిల్లీమీటర్ల వాషరు ఒక అంచున 0.05 మిల్లీమీటరు మందం ఎక్కువైందనుకోండి, అంటే వెంట్రుకవాసి. బ్లేడు పొడవు 85 మిల్లీమీటర్లైతే మొన దగ్గరికొచ్చేసరికి ఆ తేడా 0.4 మిల్లీమీటరు దాటిపోతుంది. కంటికి ఇట్టే కనబడుతుంది. పక్కలు రెండూ సమాంతరంగా లేకపోయినా, వేడి చేసి చల్లార్చేటప్పుడు బ్లేడే కాస్త వంగినా, స్క్రూలు ఒక పక్క ఎక్కువ బిగిసినా ఇదే ఫలితం. అందుకే ఖరీదైన చాకులో జనం ముందు చూసేది నడుమనే. లోపలి పనితనంలో మనకి కంటికి ఆనేది అదొక్కటే మరి. 1,500 రూపాయల చాకులో అంత నికరం అడగలేం. ముప్పై, నలభై వేల చాకులో అడగొచ్చు. ఆ డబ్బులో కొంత సరిగ్గా ఆ వెంట్రుకవాసికే ఇచ్చాం.

అయితే లాకు రకాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. పిడి లోపలి సన్న రేకు బ్లేడుకి అడ్డుపడే లైనర్ లాకులోనూ, పిడి పక్కే అడ్డుపడే, క్రిస్ రీవ్ కంపెనీ సెబెంజా చాకుతో పేరొచ్చిన ఫ్రేమ్ లాకులోనూ మూసిన బ్లేడు దానంతటది తెరుచుకోకుండా లాకు పలకకి చిన్న గుండు ఒకటి ఉంటుంది. అది బ్లేడుని ఒక పక్కనుంచే నొక్కుతుంది. అంటే పుట్టుకతోనే బ్లేడుకి ఎదుటి పక్కకి ఒరగాలని ఉంటుంది. దాన్ని నడుమ నిలబెట్టడం పనివాడి గొప్ప. బక్ 110 లాంటి వెన్ను లాకులకి ఈ బాధ తక్కువ, ఒత్తిడి వెన్ను మీద మధ్యలో పడుతుంది. బెంచ్‌మేడ్ యాక్సిస్ లాకులో అడ్డ కడ్డీని రెండు పక్కలా స్ప్రింగులు పట్టుకుంటాయి, అదీ మేలే. కాబట్టి ఫ్రేమ్ లాకులో కనబడ్డ పిసరంత ఒరుగునీ వెన్ను లాకులో కనబడ్డ ఒరుగునీ ఒకే తప్పు కింద జమకట్టడం న్యాయం కాదు.

ఇక అసలు పోటీకి వద్దాం. బ్లేడు నట్టనడుమ ఉండి, తెరిచి లాకు వేశాక పక్కలకి కదిలే చాకు ఒకటి. ఒక పిసరు ఒరిగి, తెరిస్తే రాయిలా నిలిచే చాకు ఇంకొకటి. నేనైతే కళ్ళు మూసుకుని రెండోది తీసుకుంటాను. మొదటిది పైన పటారం, లోన లొటారం. పైగా బ్లేడుని నడుమకి తేవడం సులువు, నమ్మించడమూ సులువే. ఇరుసు స్క్రూని చచ్చేలా బిగిస్తే ఒరిగిన బ్లేడు చాలాసార్లు మధ్యకి వచ్చి కూర్చుంటుంది, కాకపోతే తెరవడానికి గోళ్ళు ఊడతాయి. అందుకే బ్లేడు హాయిగా తిరిగేంత బిగువులో పెట్టి అప్పుడు చూడాలి. ఆ బిగువులో పక్క ఊపు లేకుండా, నడుమన కూడా ఉంటే అది డబ్బుకి తగ్గ పని.

ఈ మాట పుస్తకం పట్టి చెప్పడం లేదండి. మా పక్క కడియం, కడియపులంక నర్సరీల్లో అంటు కట్టే పని చూస్తే చాలు. మామిడికో సపోటాకో అంటు కట్టాలంటే వేరుమొక్క మీదా, అంటు పుల్ల మీదా ఒక్క లాగులో చదునైన కోత పడాలి. బెరడు కింద సన్నటి పచ్చి పొరలు రెండూ ఒకదానికొకటి ఆనాలి. ఇరుసు దగ్గర ఊగే చాకుతో కోస్తే కోత మధ్యలో పల్లం పడుతుంది, రెండు ముక్కల నడుమ సందు మిగులుతుంది, అంటు ఎండిపోతుంది. మూసినప్పుడు బ్లేడు ఎటు ఒరిగిందో మొక్కకి తెలియదు. కోసేటప్పుడు ఊగిందో లేదో మాత్రం వారాల్లో చెప్పేస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది ఇక్కడ. అసలైన అంటు చాకుకి పదును ఒక పక్కనే పెడతారు, రెండో పక్క అద్దంలా చదును. అంటే వాదర బ్లేడు మందానికి మధ్యలో ఉండదు, ఒక ముఖం మీదే ఉంటుంది. చాకు మూసి వాదరని చూస్తే నిఖార్సైన చాకు కూడా ఒరిగినట్టే కనబడుతుంది. అలాంటప్పుడు వెన్ను చూసి తేల్చుకోవాలి. మూడు బ్లేళ్ళ పాత కాలపు జేబు చాకుల్లోనైతే బ్లేళ్ళు ఒకదాన్నొకటి రాసుకోకుండా కావాలనే కొద్దిగా వంచుతారు. అక్కడ నడుమ వెతకడమే అనవసరం.

కర్ర పిడి సంగతి వేరే. ఫ్రాన్సులో సవోయ్ ప్రాంతానికి చెందిన జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు ఇప్పటికీ బీచ్ కర్ర పిడితోనే వస్తుంది. 1955లో ఇరుసు దగ్గర తిరిగే లాకు ఉంగరం చేర్చారు. చవకైన చాకు, అద్భుతంగా కోస్తుంది. కానీ కోనసీమ వానాకాలంలో కర్ర చెమ్మ పీల్చి ఉబ్బితే బ్లేడు పిడిలో ఇరుక్కుంటుంది, ఎండాకాలంలో మళ్ళీ వదులవుతుంది. ఇరుక్కున్నప్పుడు పిడి అడుగుని గట్టి చెక్క మీద కొడితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది. సవోయ్ వాళ్ళ పాత చిట్కానే ఇది. అలాంటి పిడిలో బ్లేడు ఇవాళ మధ్యన ఉంటే శ్రావణంలో ఉండాలని లేదు. టైటానియం, జీ10 అనే గాజునార పలక, కార్బన్ ఫైబర్ పిడులకి ఆ సాకు లేదు, అవి చెమ్మకి ఉబ్బవు.

నరసాపురం, అంతర్వేది వైపు రొయ్యల చెరువుల గట్ల మీద వాడేవాళ్ళకైతే బ్లేడు నడుమ ఉందా అని అడగడం కన్నా తుప్పు గురించి అడగడం మేలు. ఉప్పు గాలికి డీ2 ఉక్కు మచ్చలు పడుతుంది. స్పైడర్కో కంపెనీ సాల్ట్ వరస చాకులు తుప్పుకి దాదాపు లొంగవు. బేరింగుల చాకు చిటికెలో తెరుచుకుంటుంది నిజమే, కానీ చెరువు బురద గుండ్ల మధ్యకి దూరితే గరగరమంటుంది. ఇత్తడి రంగు ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు ఆ మురికిని ఓర్చుకుంటాయి. అక్కడ నా ఓటు వాషర్లకే.

పార్శిల్ విప్పాక చూడాల్సిన తీరు ఇది. తెరిచి లాకు వేసి, మొన దగ్గర పట్టుకోకుండా బ్లేడు వెన్ను మీద వేలు పెట్టి అటూ ఇటూ నొక్కండి. తరవాత పైకీ కిందకీ. కదిలితే ఇరుసు స్క్రూ పావు తిప్పు బిగించి మళ్ళీ చూడండి, అప్పటికీ కదిలితే వెనక్కి. తరవాత మూసి, బ్లేడుకీ పక్కలకీ మధ్య రెండు వైపులా విజిటింగ్ కార్డు దూరుతుందేమో చూడండి. ఎన్నోసార్లు తెరిచి మూశాక బ్లేడు మీద సన్న గీత పడిందంటే రాసుకుంటున్నట్టే. వాదర లోపల ఎక్కడా ఇనుముకి తగలకూడదు, తగిలితే పదును అక్కడే చస్తుంది. ఒరుగు మాత్రమే ఉంటే పిడి స్క్రూలు కాస్త సడలించి, ఒరిగిన పక్క మడిచిన కాగితం దూర్చి, మళ్ళీ బిగించి చూడొచ్చు. చాలా చాకులకి ఆరో, ఎనిమిదో నంబరు టార్క్స్, అంటే నక్షత్రం మొన, స్క్రూడ్రైవరు సరిపోతుంది. విప్పితే వారంటీ పోతుందని షరతు పెట్టే కంపెనీలున్నాయి, ఆ కాగితం చదివాకే చెయ్యి పెట్టండి. బ్లేడే వంగి ఉంటే ఏ కాగితమూ పనిచెయ్యదు, అది కంపెనీ సరిచెయ్యాల్సిన తప్పు.

బేరం చేసుకునేవాళ్ళకి నా వరస: లాకు, పక్క ఊపు, రెండు పక్కలా సమంగా పట్టిన పదును, ఉక్కు, ఆ తరవాత బ్లేడు నడుమ ఉండటం. పెట్టెలో దాచుకుని చూసి మురవడానికి కొంటుంటే మాత్రం ఈ వరస తలకిందులు చేసుకోండి, తప్పు లేదు. చూడటానికే కొన్న వస్తువులో చూపే పని. కొబ్బరి బొండాలు కొట్టడానికైతే అసలు మడత చాకు ఊసే వద్దు, కొలిమి కత్తికి సాటి లేదు. అంటు కట్టడానికి కొనేవాళ్ళు ఇంకొకటి అడగాలి. పదును ఏ పక్క పెట్టారన్నదాన్ని బట్టి కుడిచేతి చాకు, ఎడమచేతి చాకు అని రెండుంటాయి. ఎడమచేతివాటం వాళ్ళు ఆ సంగతి ముందే చెప్పి తెప్పించుకోవాలి.