15 ఆంపుల సాకెట్టా, వాల్ బాక్సా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి ఇళ్లలో ఎలక్ట్రిక్ కారు ఛార్జింగుకు ఈ రెండే దారులు. 15 ఆంపుల సాకెట్టుతో 30 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే పది, పన్నెండు గంటలు. గోడకు బిగించే ఛార్జింగు పెట్టె, అంటే వాల్ బాక్సు, 7.2 కిలోవాట్లదైతే ఐదు చాలు. కానీ దానికి 32 ఆంపుల విడి లైను, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కరెంటు లీకైతే లైను కట్ చేసే ఆర్‌సీసీబీ కావాలి, మీటరు లోడు పెంచుకోవాలి. కారులోని ఛార్జరే 3.3 కిలోవాట్లదైతే అంతకు మించి లాగదు, ఆ ఖర్చంతా దండగ.

రోజుకు యాభై కిలోమీటర్లు దాటనివాళ్లకు సాకెట్టే నయం. దానికి అసలు శత్రువు వదులు స్క్రూ: గంటల తరబడి కరెంటు లాగితే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్కు కరుగుతుంది. గోపాల్‌పూర్ వైపైతే ఉప్పుగాలి తుప్పు అదనం. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి అసలు పోవద్దు.

ఎర్తింగు బాగా లేకపోతే రెండూ మొరాయిస్తాయి. ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండాలి.