డాలస్ ఎండల్లో ఇంటి బీరు: లాల్‌బ్రూ వాస్ క్వైక్ ఈస్ట్ రివ్యూ

ఇంట్లో బీరు చేయడం ఆపేసి ఏళ్ళు గడిచిపోయి, మళ్ళీ మొదలుపెడదామా అని ఊగిసలాడుతున్నవాళ్ళకి నా సలహా ఒకటే. కొత్త కెటిల్ వద్దు, వందల డాలర్ల ఎలక్ట్రిక్ మెషీన్ వద్దు, ముందు ఈ 11 గ్రాముల ఈస్ట్ ప్యాకెట్ ఒకటి తెప్పించుకోండి. లాలెమాండ్ కంపెనీ వాళ్ళ లాల్‌బ్రూ వాస్ క్వైక్ (క్వైక్ అంటే నార్వే పల్లెల్లో ఇళ్ళలో దాచుకునే ఈస్ట్). మామూలు ఏల్ ఈస్ట్ (గది వేడి దగ్గర పులిసే బీరుకి వాడేది) కంటే కాస్త ఎక్కువ రేటే, కానీ దీనివల్ల కొనక్కర్లేని సామాను లెక్కేసుకుంటే చాలా చవక.

అసలు మాలాంటి వాళ్ళు ఎందుకు మానేస్తారంటే, చాలామంది టైమ్ లేక అంటారు గానీ, టెక్సస్‌లో ఉండేవాళ్ళకి అసలు తలనొప్పి టెంపరేచర్. అందరూ వాడే యూఎస్-05 లాంటి ఈస్ట్‌కి 18 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ కావాలి, మంచి రుచి రావాలంటే అందులో కూడా కింది వైపే ఉండాలి. మన ఇంట్లో ఏసీ 77 ఫారెన్‌హీట్ (25 సెల్సియస్) దగ్గర పెడితేనే కరెంటు బిల్లు చూసి గుండె దడ. పైగా పులిసేటప్పుడు వర్ట్ (మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ నుంచి తీసిన తీపి రసం) దానంతట అదే మరికొన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. వేడి ఎక్కువైతే ఫ్యూసెల్ ఆల్కహాల్స్ (మామూలు ఆల్కహాల్ కంటే బరువైన, ఘాటైన రకాలు) తయారై సాల్వెంట్ వాసన లాంటిది వస్తుంది, మర్నాడు పొద్దున తల పట్టుకోవాలి అంటారు. అందుకని గ్యారేజీలో ఇంకో ఫ్రిజ్, దానికి కంట్రోలర్, అదంతా పెట్టుకున్నాను అప్పట్లో. తర్వాత పిల్లలు, వాళ్ళతో పాటు ఇండియా నుంచి వచ్చే పచ్చళ్ళు, ఇడ్లీ పిండి డబ్బాలు, సగం ఆవకాయ జాడీ కలిసి ఆ ఫ్రిజ్‌ని ఆక్రమించేశాయి. అక్కడితో బీరు అయిపోయింది. ఇప్పుడు ఆ ఫ్రిజ్ వెనక్కి అడిగే ధైర్యం నాకు లేదు.

ఈ ఈస్ట్‌కి కావలసింది 35 నుంచి 40 డిగ్రీల సెల్సియస్, అంటే 95 నుంచి 104 ఫారెన్‌హీట్. మళ్ళీ చదవండి, తప్పు పడలేదు. ఆగస్టులో డాలస్ గ్యారేజీ అంటే ఇదే.

ఇది ల్యాబులో ఎవరో కష్టపడి తయారుచేసిన వింత కాదు. పడమటి నార్వేలో పొలాల్లో బతికే కుటుంబాలు తరతరాలుగా తమ ఇంటి ఈస్ట్‌ని దాచుకుంటూ వచ్చాయి. బీరు పులిశాక అడుగునో పైనో తేలిన ఈస్ట్‌ని తీసి, చెక్క రింగుల మీదో గుడ్డ మీదో ఆరబెట్టి, పండగకో పెళ్ళికో మళ్ళీ వాడుకునేవాళ్ళు. పాలు వేడి మీద ఉండగానే తోడు పెట్టినట్టు, వర్ట్ ఇంకా వేడిగా ఉండగానే వేసేసేవాళ్ళు. వాస్ ప్రాంతంలో అయితే జూనిపర్ కొమ్మలు నానబెట్టిన నీళ్ళతో వర్ట్ చేసి గంటల తరబడి మరిగిస్తారు, ఎర్రటి రంగు వచ్చేదాకా. కొన్నిచోట్ల ఈస్ట్ వేసేటప్పుడు గట్టిగా కేక పెట్టే ఆచారం కూడా ఉందట. నేను పెట్టలేదు, పక్కింటివాళ్ళు ఇప్పటికే నన్ను అదోలా చూస్తున్నారు. ఈ క్వైక్ ఈస్ట్‌లు మామూలు బ్రూవరీ ఈస్ట్‌ల నుంచి వేరుగా ఉన్న ఒక గుంపు అని 2018లో వచ్చిన జన్యు అధ్యయనం చెప్పింది. లాలెమాండ్ ప్యాకెట్‌లో ఉన్నది వాస్‌లో సిగ్మండ్ యెర్నెస్ అనే ఆయన కాపాడుకుంటూ వచ్చిన కల్చర్ నుంచి తీసిన ఒక్క స్ట్రెయిన్. అసలు ఇళ్ళలో ఉండేవి చాలావరకు మిశ్రమాలు, కాబట్టి అదే ఇది అనుకోవద్దు, కానీ పొడి రూపంలో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరకడం నాలాంటి వాడికి ముఖ్యం.

చేసే రోజు సంగతి. చాలా ఏళ్ళ తర్వాత కాబట్టి ధాన్యం జోలికి పోలేదు, లైట్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఆరు పౌన్లకి కాస్త తక్కువ, ఐదు గ్యాలన్లకి, ఓజీ (పులియక ముందు వర్ట్ సాంద్రత) 1.050. హాప్స్, అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు, సిట్రా, కాస్కేడ్ రకాలు. (పాత హాప్స్ ఫ్రీజర్‌లో దొరికితే వాసన చూసి పారేయండి, చీజ్ కంపు కొడుతుంటే దానికి ఇంక వైద్యం లేదు. పాత ప్లాస్టిక్ ట్యూబులు కూడా పారేయండి, ఎన్నేళ్ళ క్రిములు కాపురం ఉన్నాయో.) ఈ ఈస్ట్ వల్ల పెద్ద లాభం నాకు ఇక్కడే కనబడింది, దీని గురించి ఎవరూ గట్టిగా చెప్పరెందుకో. ఎండాకాలంలో మన పంపు నీళ్ళే గోరువెచ్చగా ఉంటాయి. రాగి చుట్ట చిల్లర్‌తో ఆ నీళ్ళు ఎంతసేపు తిప్పినా వర్ట్ 90 ఫారెన్‌హీట్ దగ్గర మొండికేస్తుంది, అక్కడి నుంచి 68కి దించాలంటే ఐస్ బస్తాలు, బకెట్లు, నడుం నొప్పి. ఇదైతే 98 దగ్గర ట్యాప్ కట్టేసి ప్యాకెట్ చల్లేయడమే. నీళ్ళు ఆదా, సాయంత్రం ఆదా.

ప్యాకెట్ మొత్తం వేయండి. క్వైక్ అంటే చెంచాడు వేస్తే చాలు అని చెప్పేవాళ్ళుంటారు, అది ఇళ్ళలో తీసిన చిక్కటి ఈస్ట్‌తో, బాగా ఎక్కువ మాల్ట్ ఉన్న వర్ట్‌లో చేసేవాళ్ళ లెక్క. కంపెనీ చెప్పేది హెక్టోలీటరుకి (వంద లీటర్లకి) 50 నుంచి 100 గ్రాములు, అంటే మన 19 లీటర్లకి దాదాపు ఒక ప్యాకెట్ సరిగ్గా సరిపోతుంది. ఈస్ట్ న్యూట్రియెంట్ కూడా తప్పకుండా వేయాలి. ఈ జాతి బలమైన, పోషకాలు దండిగా ఉన్న వర్ట్‌కి అలవాటుపడింది, మన 1.050 బీరు దానికి పథ్యం భోజనం కింద లెక్క.

ఆ తర్వాత చూడాలి దాని వేగం. రాత్రి వేసి పడుకుంటే తెల్లారేసరికి నురుగు ఎయిర్‌లాక్‌లోంచి (గ్యాస్ బయటికి వదిలి, గాలి లోపలికి రానివ్వని మూత) ఎగదన్నుతోంది. మామూలు ఎయిర్‌లాక్ బదులు లావు గొట్టం ఒకటి నీళ్ళ సీసాలోకి పెట్టుకుంటే నేల కడుక్కోవడం తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో పని అయిపోతుందని కంపెనీ అంటుంది, అది నిజమే. ఎఫ్‌జీ (పులిశాక సాంద్రత) 1.011 దగ్గర ఆగింది, ఆల్కహాల్ సుమారు 5.1 శాతం. అయితే ఒక షరతు: వేడి నిలకడగా ఉండాలి. పగలు 100 ఉండి రాత్రి బాగా చల్లబడితే ఇది నిద్రపోతుంది. పాత దుప్పటి రెండు చుట్లు చుట్టి పెడితే దాని వేడి దానికే సరిపోయింది. చలికాలంలో మాత్రం గ్యారేజీలో దీన్ని పెట్టడం దండగ, హీటింగ్ బెల్ట్ కొనాలి, లేదంటే ఆ నాలుగు నెలలు యూఎస్-05తో క్లోజెట్‌లో చేసుకోవడమే మేలు.

రుచి. నారింజ తొక్క నలిపితే వచ్చే వాసన, దాని వెనక చిన్న పులుపు. సిట్రా తోడయ్యేసరికి ఇంకా బాగా తెలిసింది. మా బావమరిది మొదటి గుక్కకే "బావా, ఇందులో ఆరెంజ్ జ్యూస్ ఏమైనా కలిపావా" అన్నాడు, అంటూనే రెండో గ్లాసు నింపుకున్నాడు. ఘాటు లేదు, మర్నాడు తలనొప్పి లేదు, ఆ వేడిలో పులిసిన బీరుకి ఇది నిజంగా ఆశ్చర్యమే. ఈస్ట్ అడుగున గట్టిగా పేరుకుపోతుంది, ఏ జెలటినూ వేయకుండానే బీరు తేటగా వచ్చింది.

వారంలో బీరు తాగేయొచ్చు అనే ప్రచారం మాత్రం సగమే నమ్మండి. పులియడం అయిపోతుంది, కానీ సీసాల్లో గ్యాస్ పట్టాలి, హాప్స్ పచ్చివాసన తగ్గాలి. తొందరపడి తాగినదానికీ ఇంకొన్నాళ్ళు ఆగి తాగినదానికీ చాలా తేడా ఉంది. ఇంకోటి, దీంతో లాగర్ (చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీరు) లాంటి బీరు చేయొచ్చని ఊదరగొడుతుంటారు. నా నాలుకకి అది లాగర్ కాదు, నారింజ వాసన ఎక్కడో ఓ మూల దొరికిపోతూనే ఉంటుంది. పిల్స్‌నర్ లాంటి లాగర్ కావాలంటే 12 డిగ్రీల సెల్సియస్, దానికి ఫ్రిజ్, దానికి మీ ఆవిడతో చర్చలు, వేరే దారి లేదు. గోధుమ బీరులో వచ్చే లవంగం, అరటిపండు వాసన కూడా దీంట్లో రాదు. పేల్ ఏల్, ఐపీఏ (రెండూ హాప్స్ వాసన ముందుండే ఏల్ బీర్లు), నారింజ నప్పే ఏదైనా అయితే కళ్ళు మూసుకుని వాడొచ్చు.

సీసాల్లో పోసేవాళ్ళకి ఒక లెక్క. వేడిగా పులిసిన బీరులో గ్యాస్ తక్కువ మిగులుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర పులిసిన బీరుకి, గ్యాస్ పట్టడానికి వేసే చక్కెర కంటే ఐదు గ్యాలన్లకి ఓ 20 గ్రాములు ఎక్కువ పట్టింది, ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో టెంపరేచర్ అడిగినచోట అది పులిసిన వేడి రాయండి, సీసాలో పోసే రోజు వేడి కాదు.

అమెరికాలో ఇంటికోసం చేసుకోవడానికి 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం నుంచీ ఫెడరల్‌గా అడ్డు లేదు, వయసొచ్చినవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200. హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ మెసేజీలు పెట్టే తమ్ముళ్ళకి మాత్రం ప్యాకెట్ పంపలేను. అక్కడ లైసెన్స్ లేకుండా మద్యం తయారీ నేరం, ఎక్సైజ్ వాళ్ళకి నార్వే కథ చెబితే వినరు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అర మార్కు కోత ప్యాకెట్ వెనక న్యూట్రియెంట్ గురించి పెద్ద అక్షరాలతో రాయనందుకు. వచ్చే బ్యాచ్‌కి అడుగున మిగిలిన ఈస్ట్‌ని బేకింగ్ పేపర్ మీద పల్చగా పూసి ఆరబెడుతున్నాను. అది మళ్ళీ లేస్తే ఈ రివ్యూ కిందే రాస్తాను.