స్పిరిట్, బ్లీచ్, ఫార్మాలిన్: ఇంట్లో పుట్టగొడుగులు పెంచుతూ వాడి చూసినవి

పెరటి వైపు ఉన్న చిన్న గదిలో చాలా కాలంగా పుట్టగొడుగులు పెంచుతున్నాను. చలికాలంలో ముత్యపుచిప్ప రకం, ఎండలు ముదిరాక పాల పుట్టగొడుగులు. కొత్తగా మొదలుపెట్టేవారు నన్ను ముందుగా అడిగేది విత్తనం (గింజల మీద పెంచిన పుట్టగొడుగుల బూజు) గురించి కాదు, ఏ మందు కొట్టాలని. పంటను పాడుచేసే ఆకుపచ్చ బూజు వస్తుందన్న భయంతో చాలామంది ఇంటిని ఆసుపత్రిలా మార్చేస్తున్నారు. అదే గాలి పీల్చుకుంటూ పిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు. అందుకే నేను వాడిన క్రిమిసంహారకాల మంచిచెడ్డలు వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు వేడినీళ్లు. పుట్టగొడుగులు పెరిగేది వరిగడ్డి మీదే, దాన్ని విత్తనంతో కలిపి సంచుల్లో నింపుతాం. ఆ గడ్డిని రెండు అంగుళాల ముక్కలుగా కోసి, నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గడ్డిలోని పోటీ సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. వంటగది థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, చేతి అంచనా పనికిరాదు. తర్వాత గడ్డిని వడగట్టి, గుప్పిట్లో గట్టిగా పిండితే చుక్క రాలకూడదు, అరచెయ్యి మాత్రం తడవాలి. ఆ తేమ సరిగ్గా కుదిరితే బూజు బెడద సగానికి సగం తగ్గుతుందని నా అనుభవం. గడ్డి నీళ్లోడుతుంటే ఎంత ఖరీదైన మందు కొట్టినా సంచి అడుగున పులిసిన వాసన వస్తుంది.

నేను ఎక్కువగా ఆధారపడేది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, అంటే స్పిరిటు మీద. విత్తనం సంచి విప్పే ముందు చేతి తొడుగులు, కత్తెర, బల్ల, సంచి మూతి అన్నిటినీ దీనితోనే తుడుస్తాను. 99 శాతానిది ఇంకా బాగా పనిచేస్తుందనుకుని ఎక్కువ డబ్బు పెట్టి కొంటుంటారు. అది క్షణాల్లో ఆవిరైపోతుంది. సూక్ష్మజీవుల మాంసకృత్తులను విరిచేయడానికి నీరు కూడా కావాలి. 99 శాతానిదే దొరికితే ఏడు పాళ్లకు మూడు పాళ్లు మరిగించి చల్లార్చిన నీళ్లు కలపండి. అర నిమిషమైనా తడిగా ఉండనిచ్చి, దానంతట అదే ఆరనివ్వాలి. బాక్టీరియా బీజాలను (స్పోర్లను) ఇది చంపలేదు కాబట్టి మురికి బల్ల మీద చల్లి శుభ్రమైందనుకోకూడదు. ముందు సబ్బునీళ్లతో కడగాలి.

దీనితో అసలు ప్రమాదం మంట. కత్తెర మొన కాల్చడానికి పక్కనే స్పిరిటు దీపం వెలిగించుకునేవారున్నారు. ఆల్కహాలు మంట పగటి వెలుతురులో కంటికి దాదాపు ఆనదు. తొడుగులు తడిగా ఉండగా దీపం దగ్గర చెయ్యి పెడితే అంటుకున్న సంగతి చర్మం చెబితేనే తెలుస్తుంది. నా పద్ధతి ఇది: స్ప్రే చేయను, గుడ్డ తడిపి తుడుస్తాను. సీసా మూత పెట్టి గదికి అవతలి మూలన ఉంచుతాను. తొడుగులు పూర్తిగా ఆరాకే దీపం వెలిగిస్తాను. వంటగదిలో ఈ పని చేసేవారు ముందు గ్యాస్ సిలిండరు కట్టేయాలి. మూసి ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో చేతులు పెట్టి విత్తనం వేసేవారు ఆ పెట్టెలోకి దీపం అసలు తీసుకెళ్లకూడదు, అందులో ఆవిరి నిండి ఉంటుంది.

నేల, గోడలు, అరలు, బకెట్లకు బ్లీచే చవక, నమ్మకం. దుకాణంలో దొరికే 5 శాతం సోడియం హైపోక్లోరైటు లీటరు నీళ్లలో 20 మిల్లీలీటర్లు కలిపితే 0.1 శాతం ద్రావణం వస్తుంది. ఇంటి అరలకు అది చాలు. బూజు పట్టిన సంచి ఉన్న చోటికి మాత్రం ఒక పాలు బ్లీచికి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి వాడతాను. పది నిమిషాలు తడిగా ఉంచి మంచినీళ్లతో కడుగుతాను. మట్టి, గడ్డిపీచు ఉన్నచోట క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది కనుక ఊడ్చి కడగకుండా బ్లీచ్ పోయడం దండగ. ఏ రోజుది ఆ రోజే, చల్లటి నీళ్లతో కలుపుకోవాలి. ఇనుప స్టాండ్లు తుప్పు పడతాయి, ఆ ఒక్కటే నా ఫిర్యాదు.

బ్లీచింగ్ పౌడరైతే పొడి మంచిదో కాదో వాసనే చెబుతుంది. తాజా పొడి పొడిపొడిగా ఉండి మూత తియ్యగానే ముక్కుకు ఘాటుగా తగులుతుంది. గడ్డకట్టి, తేమ పట్టి, వాసన పోయినదానిలో బలం ఉండదు. ఓ దుకాణంలో విడిగా కట్టిచ్చిన పొట్లంలో నాకు దొరికింది అలాంటిదే, ఇంచుమించు సున్నప్పొడి. అప్పటినుంచి తయారీ తేదీ ఉన్న ప్యాకెట్టే కొంటున్నాను. నీళ్లు పోసుకుని అందులో పొడి వెయ్యాలి, కాసేపు తేరనిచ్చి పైనున్న తేటను వాడాలి. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు తప్పనిసరి.

బ్లీచితో ఇంకేదీ కలపకండి. మరుగుదొడ్డి కడిగే ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అద్దాలు తుడిచే కొన్ని ద్రవాలలోని అమ్మోనియా కలిస్తే క్లోరమీన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీసేవే. వినెగరు, స్పిరిటు కూడా దాని దగ్గరికి రాకూడదు. స్నానాలగదిలో బకెట్లు కడిగేవారికి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక ఫార్మాలిన్. శిక్షణ కరపత్రాల్లో తరచూ కనిపించే లెక్క ఇది: 100 లీటర్ల నీళ్లకు 125 మిల్లీలీటర్ల ఫార్మాలిన్, 7.5 గ్రాముల కార్బెండజిమ్ (బూజును చంపే మందు), అందులో గడ్డిని దాదాపు 18 గంటలు నానబెట్టడం. పొలంలో నాలుగువైపులా గాలి ఆడే షెడ్డు కోసం రాసిన లెక్క అది. పడకగది పక్కన చేసే పని కానే కాదు. ఫార్మాలిన్ నీళ్లలో కరిగిన ఫార్మాల్డిహైడే. దానిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. బంధువుల షెడ్డులో తొడుగులు, ముసుగు వేసుకుని నేను వాడిన రోజుల్లో కూడా కళ్ల మంట సాయంత్రం దాకా వదిలేది కాదు. పంట బాగానే వచ్చేది, నిజమే. వేడినీళ్లతోనూ అలాగే వస్తోంది కాబట్టి ఇంట్లోకి దాన్ని రానివ్వను. పొటాషియం పర్మాంగనేటు మీద ఫార్మాలిన్ పోసి గదికి పొగ పెట్టమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. ఆ చర్యలో ఒక్కసారిగా వేడి పుట్టి ద్రవం సలసల మరుగుతుంది. ఇళ్లలో దయచేసి ఆ ప్రయత్నం చేయకండి.

చేతులకు పూసుకునే జెల్లు పనిముట్ల మీద జిగురు మిగులుస్తుంది. ఫినాయిల్ గది బయటి నేలకే. మొలకలు తొంగిచూశాక సంచుల మీద చల్లాల్సింది మంచినీళ్లే, ఇంకే మందూ వద్దు. మనం తినేది ఆ పుట్టగొడుగులనే.

దగ్గు వస్తే నెపమంతా మందుల మీద వేస్తారు గానీ, ముత్యపుచిప్ప పుట్టగొడుగులు వదిలే బీజాలు కూడా ఊపిరితిత్తులకు పడవు. గొడుగు అంచు కిందికి వంగి ఉండగానే కోసెయ్యండి, కోసేటప్పుడు ఎన్‌95 మాస్కు పెట్టుకోండి, కిటికీ తెరిచి ఉంచండి.

సంచిలో ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే చాలామంది విప్పి స్పిరిటు చల్లుతారు. ఆ చల్లే గాలికే పొడిలాంటి బీజాలు గదంతా ఎగిరిపోతాయి. నేను విప్పను. ఉన్నదున్నట్టుగా ఇంకో సంచిలో మెల్లగా దించి మూతి కట్టి, బయటికి తీసుకుపోతాను. తర్వాత ఆ అరను బ్లీచినీళ్లతో తుడిచి, బట్టలు మార్చుకున్నాకే మిగతా సంచుల జోలికి వెళతాను.

ఈ సీసాలన్నీ పిల్లలకందని ఎత్తులో, ఎండ తగలని అరలో ఉండాలి. స్పిరిటు, బ్లీచ్ ఒకే అరలో వద్దు. కూల్‌డ్రింకు సీసాల్లో పోసిపెట్టడం ఎంతటి ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో ప్రతి సీసా మీదా పేరు, పాళ్లు, కలిపిన తేదీ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటిస్తాను. మా అమ్మా, ఇంట్లో పనిచేసే ఆమే ఇంగ్లీషు లేబుల్ చదవలేరు, ఆ గదిని రోజూ తుడిచేది వాళ్లే.