పదకొండు వారాలు పడవలో, నాలుగు రాత్రులు ఆ రూములో

గ్రీస్‌లో పడవలో తిరగడం అయ్యాక దాన్ని యార్డుకి (పడవల్ని ఒడ్డు మీద నిలబెట్టి ఉంచే చోటు) ఎక్కించి ఇంటికి బయల్దేరే వాళ్లెవరైనా ఉంటే ఒక్క మాట. రూము బుక్ చేసేముందు మ్యాపులో దూరం చూసి మురిసిపోకండి, దారి ఉందో లేదో చూసుకోండి. మేం చూసుకోలేదు.

మాది చెన్నైలో పెరంబూరు. మా ఆయన మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకీ, లండన్‌లో ఉండే పాత కొలీగ్‌కీ కలిపి 31 అడుగుల పాత తెరచాప పడవ ఒకటుంది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండనివ్వరు కాబట్టి మే మొదటి వారంలో వెళ్లి జూలై చివర్లో వచ్చేశాం. గ్రీస్‌కి పడమటి వైపున్న అయోనియన్ సముద్రంలో పొద్దున గాలి ఉండదు, మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి లేస్తుంది, చీకటిపడేసరికి తగ్గిపోతుంది. లెఫ్కాడా, ఇథాకా, కెఫలోనియా దీవులు తిరిగాం, చాలా రోజులు చెప్పుకోడానికేమీ లేకుండా హాయిగా గడిచాయి.

ఫిస్కార్డో మాత్రం నాకు నచ్చలేదు. 1953 భూకంపంలో కెఫలోనియా అంతా కూలినా ఈ ఊరు నిలబడిందట, ఇళ్లు ముచ్చటగానే ఉన్నాయి, కానీ జూలైలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే పడవ పెట్టడానికి చోటుండదు. ఎవరో అద్దె పడవ వాళ్లు మా లంగరు గొలుసు మీద వాళ్లది వేసేశారు, విడదీయడానికి రెండు గంటలు పట్టింది, మా ఆయన ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు (నేనేం చేశాను?).

దానికి విరుగుడు కస్టోస్. చిన్న దీవి, ఒకటే ఊరు. టావెర్నా (చిన్న భోజన హోటలు) వాళ్ల దగ్గర భోంచేస్తే చాలు, పడవ కట్టుకున్నందుకు డబ్బులడగలేదు. ఫావా అని తెచ్చారు, పసుప్పచ్చ బఠాణీ పప్పు మెత్తగా ఉడికించి పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె. చూస్తే అచ్చం మన ముద్దపప్పే! నేను ఆగలేక పడవలోకి వెళ్లి ఆవకాయ సీసా తెచ్చాను. వండినావిడ వచ్చి రొట్టెముక్కకి కాస్త రాసుకుని తిని, ముక్కు తుడుచుకుంటూ మళ్లీ ముక్క తుంచింది. ఉడికించిన ఆకుకూర, వేయించిన గుమ్మడిజాతి కాయ, పుచ్చకాయ కలిపి ఇద్దరికీ 27 యూరోలు. పొద్దున్నే ఆవిడ చిన్న డబ్బా పట్టుకొచ్చింది ఆవకాయ కోసం. బదులుగా నీళ్ల సీసా నిండా ఆలివ్ నూనె ఇచ్చింది.

ఇక ఆ రూము. యార్డు ప్రెవెజా అనే ఊరికి ఎదురుగా, నీళ్లకి అవతల ఆక్టియోలో ఉంది. పడవని స్టాండ్ల మీద నిలబెట్టాక పైకెక్కాలంటే నిచ్చెనే, నా మోకాళ్లకి అది కుదరదు, అందుకని ప్రెవెజాలో నాలుగు రాత్రులకి రూము తీసుకున్నాం. రాత్రికి 55 యూరోలు, "యార్డుకి నడిచి వెళ్లొచ్చు" అని రాసుంది. వెళ్లాక తెలిసింది, మధ్యలో ఉన్నది సముద్రం కింద ఒకటిన్నర కిలోమీటర్ల సొరంగం, 2002లో కట్టారు, అందులో నడవనివ్వరు! టాక్సీకి వెళ్లేటప్పుడు 12, వచ్చేటప్పుడు 12, మూడుసార్లకి 72 యూరోలు.

సరే అనుకుంటే, ఓనరమ్మ ఏసీ రిమోట్ ఏప్రాన్ జేబులో పెట్టుకుని తిరుగుతోంది. రోజుకి 7 యూరోలు ఇస్తే తీసిస్తుంది, పొద్దున్నే తలుపు కొట్టి తీసేసుకుంటుంది. క్లీనింగ్‌కి 40. ప్రభుత్వ పన్ను రాత్రికి 8, అది న్యాయమే, కానీ ముందే చెప్పొద్దూ? 220 అన్నది 320 అయింది, అదీ నోట్లే కావాలి, రసీదు లేదు. మన లెక్కలో దాదాపు పదివేలు ఎక్కువ. నేను గట్టిగా అడుగుతుంటే మా ఆయన "పోనీలేవే, పెద్దావిడ" అంటూ పర్సు తీశారు. పెద్దావిడేంటి, నాకంటే రెండేళ్లు చిన్నదై ఉంటుంది. యార్డు వాళ్లు మాత్రం చెప్పిన అంచనాకి ఒక్క యూరో ఎక్కువ వెయ్యలేదు, అది ఒప్పుకోవాలి.

ప్రెవెజా నుంచి ఏథెన్స్‌కి బస్సులోనే రండి, విమానం దండగ. సముద్రం మీద కట్టిన రియో-ఆంటిరియో వంతెన మీదుగా వెళుతుంది, దాదాపు మూడు కిలోమీటర్లు, కిటికీ పక్క సీటు పట్టుకోండి. ఏథెన్స్ బస్‌స్టాండ్ నుంచి ఎయిర్‌పోర్టుకి ఎక్స్93 బస్సుంది, టాక్సీ వాళ్ల మాట వినొద్దు. దోహాలో ఆరు గంటలు కుర్చీల్లో కూర్చున్నాం, ఆయన నిద్రపోయారు, నేను సామాన్లు చూసుకున్నాను.

చెన్నైలో దిగి సెంట్రల్ దాకా మెట్రో, అక్కణ్ణుంచి ఆటో. పెరంబూరుకి 450 అడిగాడు. తమిళంలో పోట్లాడి 300కి తెచ్చేసరికి ఫోన్ మోగింది: బస ఎలా ఉంది, ఐదు స్టార్లు ఇవ్వండి అని ఓనరమ్మ మెసేజ్. ఆటోలోనే ఒకటి ఇచ్చాను.

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే నూనె సగం కారిపోయి ఆయన చొక్కాలన్నీ తడిసి ఉన్నాయి. మిగిలిన సగంతో ఆ రాత్రి ముద్దపప్పు తిన్నాం.