మూడు నకళ్ళా, ఆరు+మూడు ముక్కలా? మూడు ఊళ్ళ మధ్య డేటా దాచుకోవడానికి ఏది మేలు?

శాసనాల ఫొటోలు, కైఫీయతుల ప్రతులు, పాత పత్రికల సంచికలు స్కాన్ చేసి దాచుకునే మా మిత్రులం కొందరం కర్నూలులో, కొందరం అనంతపురంలో, కొందరం కడపలో ఉంటాం. డిస్కుల మాట ఎత్తగానే ఎవరో ఒకరు అడుగుతారు: "ఏమన్నా, మూడు ఊళ్ళలో మూడు నకళ్ళు పెట్టుకుంటే సరిపోదా? డేటాను ముక్కలు చేసి అదనపు ముక్కలు కలిపే ఈ కోడింగ్ లెక్కలు మనకెందుకు?" న్యాయమైన ప్రశ్నే. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఎన్ని దస్త్రాలు నీళ్ళపాలయ్యాయో చూసినవాళ్ళు అన్నీ ఒకే ఊళ్ళో పెట్టమని చెప్పరు. ఊళ్ళకు పంచడం ఖాయం. ఎలా పంచాలన్నదే తేలాలి.

నకళ్ళ పద్ధతికి పెద్ద బలం, దానికి డీకోడింగ్, అంటే ముక్కల నుంచి అసలు డేటాను లెక్కగట్టి తీయడం అన్నదే అక్కర్లేదు. రెండు ఊళ్ళు పోయినా మూడో ఊరి డిస్కు తగిలిస్తే ఫైళ్ళు తెరుచుకుంటాయి. పదేళ్ళ తర్వాత, ఇదంతా పెట్టినవాళ్ళు దగ్గర లేకపోయినా తెరుచుకుంటాయి. ఇది చిన్న విషయం కాదు. ఇబ్బంది ఖర్చు దగ్గరే. 24 టీబీ డేటాకు 4 టీబీ డిస్కులు 18 కావాలి.

రెండో దారి, ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సోలమన్ 1960లో ప్రచురించిన కోడ్. దాని కిటుకు కాగితం మీదే చూడొచ్చు. మన డేటా 3, 5 అనే రెండు అంకెలనుకుందాం. ఒకటో స్థానంలో 3, రెండో స్థానంలో 5 పెట్టి, ఆ రెండు బిందువుల గుండా గీత గీస్తే మూడో స్థానంలో 7, నాలుగో స్థానంలో 9 వస్తాయి. నాలుగూ దాచుదాం. వీటిలో ఏ రెండు పోయినా మిగిలిన రెండింటితో అదే గీత మళ్ళీ గీయొచ్చు, పోయినవి తిరిగొస్తాయి. ఇప్పుడు ఏదీ పోలేదు గానీ, 5 ఉన్నచోట ఎవరికీ తెలియకుండా 6 పడిందనుకోండి. 3, 6, 7, 9. ఏ జత బిందువులు తీసుకుని గీత గీసినా మూడు బిందువులు ఒకే గీత మీద పడేది ఒక్కసారే: 3, 7, 9. కాబట్టి తప్పు 6దేనని తేలిపోతుంది. అంటే అదనంగా దాచిన రెండు అంకెలు, చోటు తెలిసిన నష్టాలైతే రెండింటిని పూడుస్తాయి, చోటు తెలియని తప్పయితే ఒక్కదాన్నే దిద్దుతాయి. అసలు కోడ్‌లో గీత బదులు ఇంకా పెద్ద బహుపది ఉంటుంది, లెక్కలు సాధారణంగా 256 విలువలకే పరిమితమైన ప్రత్యేక అంకగణితంలో (పరిమిత క్షేత్రంలో) జరుగుతాయి. సూత్రం మాత్రం ఇదే.

అన్ని జతలూ గీసి చూసి ఓటు వేయించడమే 1960 నాటి పేపర్లో చెప్పిన డీకోడింగ్ కూడా. నాలుగు బిందువులకైతే సరే. 255 గుర్తులున్న (అందులో 223 డేటావి) పెద్ద కోడ్‌లో 223 చొప్పున ఎంచుతూ పోతే ఏ యంత్రానికీ ఆ లెక్క తెమలదు. 1960ల చివర్లో బెర్లెకాంప్, మాసీ చూపిన దారి వచ్చాకే ఈ కోడ్ నిజంగా చేతికందింది. కోడ్ కట్టడం కన్నా దాన్ని విప్పడమే కష్టమని ఈ రంగంలో మళ్ళీ మళ్ళీ రుజువవుతుంది.

మన డిస్కులకొస్తే, ఆరు డేటా ముక్కలకు మూడు పారిటీ ముక్కలు (పై ఉదాహరణలో 7, 9 లాంటి అదనపువి) కలిపి ఊరికి మూడు చొప్పున పెడతాం. 24 టీబీకి 9 డిస్కులు చాలు, సగానికి సగం. ఒక ఊరు మొత్తం పోయినా ఆరు మిగులుతాయి, అంతా తిరిగొస్తుంది.

ఇక్కడ చాలామంది 10+4 (పది డేటా, నాలుగు పారిటీ ముక్కలు) అంటారు. పెద్ద డేటా సెంటర్లలో పేరున్న అమరికే. 140 శాతం చోటుతో ఏ నాలుగు ముక్కలు పోయినా తట్టుకుంటుంది, పైకి 6+3 కన్నా మేలనిపిస్తుంది. కానీ 14 ముక్కల్ని మూడు ఊళ్ళకు పంచితే 5, 5, 4. ఐదున్న ఊరు మునిగితే మిగిలేవి తొమ్మిదే, పది కావాలి. మొత్తం డేటా పోయినట్టే. డేటా సెంటర్‌లో డిస్కులు ఒక్కొక్కటిగా పోతాయి, వరద మాత్రం ఒక ఊరివన్నీ ఒకేసారి తీసుకుపోతుంది. కోడ్ ఎంచుకునేవాళ్ళు ముందు చూడాల్సింది ఎన్ని పోతాయని కాదు, ఏవి కలిసి పోతాయని.

6+3కి ఉన్న అసలు లోపం మరమ్మతు. ఒక్క 4 టీబీ డిస్కు పోతే నకళ్ళ పద్ధతిలో ఇంకో ఊరి నుంచి 4 టీబీ తెచ్చుకుంటే చాలు. 100 ఎంబీపీఎస్ లైను ఆగకుండా పూర్తి వేగంతో నడిస్తే నాలుగు రోజుల్లోపు పని. ముక్కల పద్ధతిలో ఆరు డిస్కులు చదవాలి. రెండు మన ఊళ్ళోనే ఉన్నా మిగతా 16 టీబీ బయటి నుంచి రావాలి, అదే లైను మీద దాదాపు 15 రోజులు. డిస్కులకు ఇంకో నకలు తీసి కడప బస్సులో మనిషిచేత పంపడమే నయం. ఈ బరువు తగ్గించడానికే మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌వాళ్ళు 2012లో స్థానిక పారిటీ (చిన్న గుంపుకు వేరుగా పెట్టే పారిటీ) ఉన్న కోడ్ వివరించారు. 12 డేటా ముక్కలున్నా ఒక ముక్క పోతే ఆరు చదివితే చాలు. మన స్థాయికి అది అక్కర్లేదు.

మరి ఎల్‌డీపీసీ? తప్పులు దిద్దే ఈ ఇంకో రకం కోడ్‌ను గాలగర్ 1960లో ఎంఐటీ పరిశోధనలోనే చూపించినా, అప్పటి యంత్రాలకు భారమై, 1990లలో మెకే, నీల్ మళ్ళీ వెలికితీసేదాకా మూలనపడింది. ఇప్పుడు 5జీ డేటా దాని మీదే నడుస్తోంది. బిట్ సున్నానా ఒకటా అని ఖాయంగా తేల్చకుండా, ఎంత నమ్మకంగా ఒకటి అన్న సంభావ్యతను పదేపదే సవరించుకుంటూ పోతుంది. చెదురుమదురు తప్పులకు, గోలలో కలిసిన సిగ్నల్‌కు దీనికి సాటి అరుదు. ఈనాటి ఎస్‌ఎస్‌డీల లోపల ఎక్కువగా ఇదే ఉంటుంది. కాబట్టి ఇది రీడ్-సోలమన్‌కు పోటీ కాదు, కింది అంతస్తు. ఎల్‌డీపీసీ దిద్దలేనప్పుడు డ్రైవ్ "ఈ సెక్టారు చదవలేను" అంటుంది. అంటే చోటు తెలిసిన నష్టంగా మార్చి పైకి అందిస్తుంది, అలాంటిదే రీడ్-సోలమన్‌కు తేలిక. డ్రైవ్ గమనించకుండా ఫైలు మారిపోయే ప్రమాదానికి ప్రతి ముక్కకూ, అందులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ రాసి పెట్టుకోవాలి. చెక్‌సమ్ కలవని ముక్కను పోయినదిగా లెక్కేస్తే మూడు పారిటీలూ పూర్తిగా పనికొస్తాయి. నకళ్ళకూ ఇది అంతే అవసరం. రెండు నకళ్ళు తేడాగా ఉంటే ఏది నిజమో చెప్పేది ఆ చెక్‌సమ్మే.

నా మాట ఇది. సేకరణ మొత్తం ఒక డిస్కులో పట్టేంతవరకు మూడు నకళ్ళే మేలు, ఇంకేమీ ఆలోచించొద్దు. అది దాటి డిస్కుల సంఖ్య పెరిగితే 6+3. అప్పుడూ ఫైళ్ళ జాబితా, చెక్‌సమ్‌లు, ముక్కలు కలిపే ప్రోగ్రాము, వాడే విధానం తెలుగులో రాసిన కాగితం మాత్రం మూడు ఊళ్ళలోనూ పూర్తి నకళ్ళుగా ఉండాలి. పెట్టిన కొత్తలోనే ఒక ఊరి మూడు డిస్కులూ పక్కన పెట్టి, మిగతా ఆరింటితో ఒక ఫోల్డరు తిరిగి తెప్పించి, చెక్‌సమ్ సరిచూసుకున్నాకే స్కానర్‌లో అసలు ఫైళ్ళు తుడిపేయండి.