అంబాసిడర్‌కు కొత్త సైలెన్సర్ సెట్టు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా నాయన 1973లో కొన్న అంబాసిడర్ మార్క్ 2కు నాలుగేళ్ల కిందట సైలెన్సర్ మొత్తం మార్పించినాను. ముందు పైపు, మధ్యలో డబ్బా, వెనక పైపు, మూడు ముక్కల సెట్టు. మైల్డ్ స్టీలుది. బెంగళూరులో పాత కార్ల పార్టులమ్మే షాపులో కొన్నాను. అప్పట్నుంచి బండి పదకొండు వేల కిలోమీటర్లు తిరిగింది. ఎక్కువ కడప టౌనులోనే, నెలకొకసారి గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటికి. సరుకు మంచిదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. కానీ మొదటి రెండు నెలలు ఆ సెట్టును నేను తిట్టని రోజు లేదు.

బిగించిన రోజే ముందు పైపు ఫ్లోరు రేకుకు తగిలింది. ఐడిల్‌లో ఉంటే కాళ్ల కింద డరడరమనేది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే స్పీడ్ బ్రేకరు దగ్గర ఠంగుమని ఇరుసు వెళ్లి వెనక పైపును కొట్టేది. పైపు వంపు తప్పుగా వచ్చిందనుకుని ఒక వెల్డింగ్ షాపులో ముందు పైపును కోయించి, వంపు మార్పించి అతికించినాను. డరడర పోయింది గానీ ఇంజను నుంచి పొగ బయటికి వచ్చే మ్యానిఫోల్డుకు పైపు కలిసే జాయింటు దగ్గర లీకు మొదలయింది. ఉదయం చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే టకటకమనేది, వేడెక్కినాక ఆ శబ్దం మాయమయ్యేది. యాక్సిలరేటరు వదిలితే వెనక నుంచి టపాకాయ పేలినట్టు వినిపించేది. లీకులోంచి లోపలికి గాలి పీల్చుకుంటే అట్లానే పేలుతుంది.

చివరికి పాత అంబాసిడర్లు చూసి తలపండిన ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన పైపు వైపు చూడనే లేదు. బానెట్ ఎత్తి, ఇంజను కూర్చునే మౌంటింగ్ రబ్బరు మీద బొటనవేలు పెట్టి నొక్కినాడు. ఆయిల్ తాగి మెత్తబడి, మైసూర్‌పాక్ ముక్కలాగా పెచ్చులు ఊడుతున్నాయి.

"పైపుది ఏం తప్పు లేదప్పా. ఇంజనే కిందికి దిగిపోయుండాది."

కొత్త రబ్బరును పాతదాని పక్కన పెట్టి చూస్తే ఎత్తులో దాదాపు సెంటీమీటరు తేడా. ముందు పైపు ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి ఇంజను ఎటు వాలితే పైపూ అటే పోతుంది. పైన కొంచెం వాలినా, మీటరున్నర అవతల పైపు కొన దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా రెండు వేళ్ల మందమవుతుంది. మౌంటింగులు, గేర్‌బాక్స్ కింది రబ్బరు మార్చినాక, కోయకముందు పైపు ఎట్లా ఉందో అట్లా ఉంటే సరిగ్గా కూర్చునేదని కళ్లకు కట్టినట్టు తెలిసింది. అప్పటికే కోసేసినాను. ఆ బాధ ఇంకా పోలేదు. పాత బండికి ఎవరు పైపు కొంటున్నా నేను చెప్పే మొదటి మాట ఇదే: ముందు రబ్బర్లు చూడండి, రంపం తర్వాత. మౌంటింగుల ఖర్చు సెట్టు ధరలో చాలా తక్కువ భాగం.

వెనక ఇరుసు సంగతి వేరు. యాభై ఏళ్ల కమాన్ కట్టలు, అంటే ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు, కుంగిపోయి ఉంటాయి, అందుకే ఇరుసుకూ పైపుకూ మధ్య సందు తగ్గిపోతుంది. బాడీ కింద జాకీ పెట్టి లేపితే ఇరుసు కిందికి వేలాడి బోలెడంత సందు కనిపిస్తుంది, దాన్ని చూసి మోసపోతాం. చక్రాలు నేల మీద ఉండగానే చూడాలి, అదీ బరువు పెట్టి. మేము డిక్కీలో కడప బండల ముక్కలు పేర్చి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టినాము. మా అమ్మ చపాతీలకు కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తీసుకుని, ఇరుసు మీద పైపుకు సరిగ్గా కింద అంటించి, వీధిలో రెండు స్పీడ్ బ్రేకర్లు దాటించి వచ్చినాము. ముద్ద రూపాయి బిళ్లంత పల్చగా నలిగింది, దాని మీద పైపు గుండ్రం అచ్చు గుద్దినట్టు పడింది. కమాన్లకు ఒక పట్టీ కొత్తది వేయించి మళ్లీ అదే పరీక్ష చేస్తే ఈసారి ముద్ద చెక్కుచెదరలేదు.

వేడి సంగతి కూడా మరచిపోకూడదు. మూడు మీటర్ల మైల్డ్ స్టీలు పైపు సగటున 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ అయితే 10 దాకా. షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు ఎక్కడా తగలని పైపు ఘాటు ఎక్కేసరికి తగలొచ్చు. ఒకసారి గువ్వలచెరువులో పాలకోవ కోసం ఆగి, టార్చి వేసి కింద చూస్తే, పైపు మీద ఒక బ్రాకెట్ పక్కన వేలిగోరంత చోటు వెండిలాగా మెరుస్తోంది. రాసుకుని రాసుకుని తేలిన మెరుపు. బ్రాకెట్‌ను ఒక్క వాషరు మందం జరిపితే సరిపోయింది.

బిగింపు వరస కూడా ఆ మేస్త్రీ దగ్గరే నేర్చుకున్నాను. మొత్తం సెట్టును వదులుగా వేలాడదీసి, అన్ని చోట్లా సందు చూసుకున్నాకే మ్యానిఫోల్డ్ నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. పైపును బాడీకి వేలాడదీసే హ్యాంగర్ రబ్బరు ఏ పక్కకూ గుంజుకుని ఉండకూడదు. పైపును నేరుగా బాడీకి బోల్టు వేసేస్తే బండంతా బోయ్ మని మోగుతుంది. మ్యానిఫోల్డ్ స్టడ్లకు ఇత్తడి నట్లు వేయించినాను, నాలుగేళ్లయినా పాన పెడితే చేతి బలానికే వదులయ్యాయి. జాయింట్ల మధ్య పెట్టే పాత గాస్కెట్లలో ఊపిరితిత్తులకు చెరుపు చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, వాటిని పొడిగా గీకొద్దు, నీళ్లతో తడిపి తీయండి. వెల్డింగ్ విషయంలో, పైపు బండికి ఉండగానే రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టించి గుర్తు చేసుకుని, మిగతా పని పైపు కిందికి దించి పెట్రోలు ట్యాంకుకు దూరంగా చేయించండి.

లీకును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పాత బండ్ల ఫ్లోరుకు ఎక్కడో ఒకచోట చిల్లు ఉంటుంది. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటే ఎవరికీ తెలియదు. నేను ఇప్పటికీ మూణ్ణెల్లకొకసారి, చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన వెంటనే జాయింట్లకు సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయా అని చూస్తాను.

ఇక తుప్పు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా వస్తుంది. ఇంటి నుంచి కడపలోనే ఉన్న సెవెన్ రోడ్స్ దాకా పోయి వచ్చే చిన్న ప్రయాణాల్లో పైపు పూర్తిగా వేడెక్కదు, ఆ నీరు డబ్బాలోనే నిలిచిపోయి లోపలినుంచి తినేస్తుంది. ఆ నీరు కారిపోయేందుకు డబ్బాలో అన్నిటికన్నా కిందున్న చోట మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేయించినాను. నాలుగేళ్లకు డబ్బా గట్టిగానే ఉంది, సుత్తితో తట్టితే గంటలాగా మోగుతోంది. వెనక పైపు కొన కొంచెం పొరలు లేచింది. చిల్లు పడబోతున్నది ఒకే ఒక్కచోట, నేను కోయించి అతికించిన దగ్గర.

ఈ నెలలో ఆ అతుకు తీసేయించి, మొదట ఉన్న వంపుతోనే కొత్త ముక్క చేయిస్తున్నాను. అప్పుడు కోసేసిన ముక్కను పారేయకుండా డిక్కీలోనే ఉంచినాను. మేస్త్రీ నిన్న వచ్చి దాన్నే కొలతకు తీసుకుపోయినాడు.